తెరమీది మేజరుకు గడువు లేదు.. పటాలంలో పదేళ్లకే పరీక్ష

షార్ట్ సర్వీసు ఆఫీసర్లు పర్మనెంటు అయ్యేదెలా? పల్లె యువకులు ముందే తెలుసుకోవలసిన లెక్కలు

ఫిల్మ్ నగర్: జూబ్లీహిల్స్‌ను ఆనుకుని ఉన్న ఈ సినిమా పేటలో మిలిటరీ ఆఫీసరు కావడానికి అట్టే సమయం పట్టదు. కొలతలు తీసుకుని ఆలివ్ గ్రీన్ బట్టలు కుట్టిస్తారు. భుజానికి సింహాల గుర్తు తగిలిస్తారు. మేకప్ మనిషి మీసం దిద్దుతాడు. డైరెక్టరు కేక వేయగానే మేజరుగారు సరిహద్దులో ప్రత్యక్షమవుతారు. షూటింగ్ పూర్తయ్యాక యూనిఫాం పెట్టెలోకి వెళ్తుంది, హీరోగారు ఇంకో సినిమాలో డాక్టరో, రైతో అవుతారు. తెరమీది మేజరు మాత్రం ప్రేక్షకుల మనసులో ఎప్పటికీ మేజరుగానే ఉండిపోతాడు. ఆయన ఉద్యోగం ఎన్నేళ్లు, పింఛను ఉందా లేదా అని ఎవరూ అడగరు.

ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట మీదుగా కాస్త ముందుకు వెళితే గోల్కొండ కోట వస్తుంది. ఆ పరిసరాల్లోనే 1962లో ఏర్పడిన ఆర్టిలరీ సెంటరు ఉంది. కొత్తగా చేరిన జవాన్లకు ఫిరంగి దళం శిక్షణ ఇచ్చేది ఇక్కడే. ఒకే ఊళ్లో ఒకవైపు సినిమా పటాలం, మరోవైపు అసలు పటాలం. రెంటికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే అయినా తేడా మాత్రం చాలా ఉంది. అసలు పటాలంలో ఆఫీసరుగా చేరినవారంతా పదవీ విరమణ వయసు దాకా ఉండరు. పలువురు పదేళ్ల గడువు మీద చేరతారు. గడువు ముగిసే వేళకు వారిని పర్మనెంటు చేయాలా, ఇంటికి పంపాలా అని ఒక బోర్డు తేలుస్తుంది.

సినిమా చూసి "మా అబ్బాయిని మిలిటరీ ఆఫీసరును చేస్తాం" అంటున్న తల్లిదండ్రులు పల్లెల్లో పెరుగుతున్నారు. మంచిదే. అయితే ఏ దారిన వెళితే ఏ గమ్యం చేరతారో ముందుగా తెలిసినవారు తక్కువ.

ఇద్దరు మేజర్లు.. రెండు దారులు

ఫిల్మ్ నగర్ హీరోలు వేసిన రెండు మేజరు పాత్రలను చూస్తే ఈ తేడా తేలిగ్గా అర్థమవుతుంది. రెండూ నిజంగా జీవించి, దేశం కోసం ప్రాణాలిచ్చిన వ్యక్తుల పాత్రలే.

మొదటిది 2022 జూన్ 3న విడుదలైన 'మేజర్'. ఇందులో అడివి శేష్ మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్‌గా నటించారు. ముంబై తాజ్ హోటల్‌పై ఉగ్రవాదులు దాడి చేసినప్పుడు, 2008 నవంబరు 28న సందీప్ నేలకొరిగారు. ఆయనకు అశోకచక్ర ప్రకటించారు. ఆయన నేషనల్ డిఫెన్స్ అకాడమీ, అంటే పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలోని ఎన్.డి.ఏ. ద్వారా సైన్యంలోకి వచ్చారు. ఈ దారిన వచ్చినవారికి మొదటిరోజు నుంచే పర్మనెంట్ కమిషన్ ఉంటుంది.

రెండోది 2003 డిసెంబరులో వచ్చిన హిందీ సినిమా 'ఎల్.ఓ.సి. కార్గిల్'. 1976లో అక్కినేని నాగేశ్వరరావు నెలకొల్పిన అన్నపూర్ణ స్టూడియోస్ వారసుడు నాగార్జున అందులో మేజర్ పద్మపాణి ఆచార్య పాత్ర వేశారు. పద్మపాణి ఆచార్య కుటుంబం ఒడిశా మూలాలున్నదే అయినా, వారు హైదరాబాదు వాసులు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొంది 2వ రాజపుతానా రైఫిల్స్‌లో చేరారు. కార్గిల్ యుద్ధంలో 1999 జూన్ 28న శత్రు స్థావరంపై దాడికి నాయకత్వం వహిస్తూ ప్రాణాలు కోల్పోయారు.  మరణానంతరం మహావీరచక్ర దక్కింది.

ఆచార్య శిక్షణ పొందిన మద్రాసు అకాడమీ షార్ట్ సర్వీసు ఆఫీసర్లను తయారుచేసే సంస్థ. అంటే అక్కడి నుంచి వచ్చినవారికి మొదట గడువున్న కమిషనే ఇస్తారు. శత్రువు తూటాకు మాత్రం ఎవరు పర్మనెంటో, ఎవరు టెంపరరీయో తెలియదు. గస్తీలోనూ, దాడిలోనూ, జీతంలోనూ ఇద్దరికీ తేడా లేదు. తేడా అంతా పదేళ్ల తర్వాతే బయటపడుతుంది.

శ్రీలంకలో 1987 నవంబరు 25న అమరుడై పరమవీరచక్ర పొందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ కూడా మద్రాసు నుంచే 1972లో ఆఫీసరుగా వచ్చారు. చేరి 15 ఏళ్లు గడిచాక కూడా ఆయన యూనిఫాంలోనే ఉన్నారు. గడువు మీద చేరినవారు సైన్యంలో నిలదొక్కుకోగలరనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

షార్ట్ సర్వీసు అంటే..

సైన్యంలో ఆఫీసరుకు రాష్ట్రపతి పేరుతో ఇచ్చే అధికార పత్రాన్ని కమిషన్ అంటారు. ఇది రెండు రకాలు. ఒకటి పర్మనెంట్ కమిషన్. హోదాను బట్టి 50 ఏళ్లు దాటేదాకా ఉద్యోగం ఉంటుంది. రెండోది షార్ట్ సర్వీస్ కమిషన్. మొదట పదేళ్లు. ఆ తర్వాత కావాలంటే మరో నాలుగేళ్లు పొడిగిస్తారు. మొత్తం 14 ఏళ్లు. పూర్వం అయిదేళ్లు, దానిపై పొడిగింపు అనే పద్ధతి ఉండేది. 2006లో దానిని పదేళ్లు, పైన నాలుగేళ్లుగా మార్చారు.

సైన్యానికి ఈ పద్ధతి ఎందుకని అడగవచ్చు. కారణం గోపురం వంటి నిర్మాణం. కింద లెఫ్టినెంట్లు, కెప్టెన్లు, మేజర్లు వందల సంఖ్యలో కావాలి. పైన బ్రిగేడియర్లు, జనరల్స్ కొద్దిమందే కావాలి. కింద చేరినవారంతా చివరిదాకా ఉంటే పైన చోటు చాలదు. పైగా కొండలెక్కి జవాన్లను నడిపించాల్సిన పనికి పడుచువాళ్లు కావాలి. పింఛను భారం సంగతి సరేసరి. అందుకే కొందరిని శాశ్వతంగా, కొందరిని గడువు మీద తీసుకుని, గడువువారిలో మెరికలను ఏరుకుంటారు.

మన దేశంలోనే కాదు, బ్రిటన్ సైన్యంలోనూ ఆఫీసర్లు మొదట స్వల్పకాలిక కమిషన్‌లో చేరి, తర్వాత మధ్యస్థ కమిషన్‌కు, ఆపైన పూర్తి కమిషన్‌కు మెట్లు ఎక్కుతారు. అమెరికాలో కాలేజీ చదువుతోపాటు సైనిక శిక్షణ పొందినవారిలో ఎక్కువమంది చాలాకాలం రిజర్వు ఆఫీసర్లుగా చేరి, తర్వాతే రెగ్యులర్ అయ్యేవారు.

మన షార్ట్ సర్వీసు ఆఫీసర్లకూ రిజర్వుతో సంబంధం ఉంది. గడువు ముగిసి ఇంటికి వచ్చినా అయిదేళ్లపాటు, ఇష్టపడితే మరో రెండేళ్లపాటు రిజర్వు జాబితాలో ఉంటారు. దేశానికి అవసరం పడితే పిలుపు రావచ్చు.

యుద్ధం తెచ్చిన పద్ధతి.. తెలుగు జనరల్

ఈ పద్ధతి నిన్నమొన్నటిది కాదు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక బ్రిటిష్ ప్రభుత్వానికి ఒక్కసారిగా వేలమంది ఆఫీసర్లు కావలసివచ్చారు. మామూలు కమిషన్లు ఆపివేసి, ఎమర్జెన్సీ కమిషన్లు ఇవ్వసాగారు. యుద్ధం ముగియగానే వీరిలో చాలామందిని విడుదల చేశారు. పనికివస్తారనుకున్నవారిని సెలక్షన్ బోర్డుల ద్వారా పరీక్షించి రెగ్యులర్ చేశారు. 2015లో వచ్చిన 'కంచె' సినిమాలో వరుణ్ తేజ్ పోషించిన సైనికుడి కథ ఆ యుద్ధ కాలానిదే.

అదే రోజుల్లో, 1942 ఆగస్టు 9న, 19 ఏళ్ల తెలుగు యువకుడు మహార్ రెజిమెంటులో ఆఫీసరుగా చేరారు. ఆయన కొటికలపూడి వెంకట కృష్ణారావు. యుద్ధకాలపు కమిషన్‌తో వచ్చిన ఆ యువకుడు యుద్ధం ముగిశాక కూడా సైన్యంలో కొనసాగారు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో 8వ మౌంటెన్ డివిజన్‌కు నాయకత్వం వహించారు. 1981 జూన్ 1న భారత సైన్యానికి ప్రధానాధిపతి అయ్యారు. 1983 జూలై వరకు ఆ పదవిలో ఉన్నారు. తర్వాత ఈశాన్య రాష్ట్రాలకు, జమ్మూ కాశ్మీర్‌కు గవర్నరుగా పనిచేశారు. 2016లో కన్నుమూశారు. తాత్కాలిక కమిషన్‌తో గడప దాటినవారు సైన్యంలో అన్నిటికన్నా పైమెట్టు ఎక్కవచ్చని నిరూపించినవారు ఒక తెలుగువారు కావడం మనకు గర్వకారణం.

1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు ఇదే కథ మళ్లీ జరిగింది. ఆఫీసర్ల కొరత తీర్చడానికి మద్రాసులో, పూనాలో ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూళ్లు తెరిచారు. కాలేజీల నుంచి, కొలువుల నుంచి యువకులు తరలివచ్చారు. కొన్ని నెలల శిక్షణతో ఎమర్జెన్సీ కమిషన్ పొంది సరిహద్దులకు వెళ్లారు. 1965 పాకిస్థాన్ యుద్ధంలో వీరిలో ఎందరో పోరాడారు.

యుద్ధాలు చల్లబడ్డాక అసలు చిక్కు వచ్చింది. వీరిలో కొందరికే పర్మనెంట్ కమిషన్ దక్కింది. మిగిలినవారు విడుదలయ్యారు. 1965 డిసెంబరు 1న ఏర్పడిన సరిహద్దు భద్రతా దళం, అంటే బి.ఎస్.ఎఫ్., వీరిలో పలువురిని తీసుకుంది. ఐ.ఏ.ఎస్., ఐ.పి.ఎస్. వంటి కేంద్ర సర్వీసుల్లో కూడా కొన్నేళ్లపాటు వీరికి కొన్ని ఖాళీలు కేటాయించారు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్లు కాకుండా ప్రభుత్వం చేసిన ఏర్పాటు అది. అప్పటి ఎమర్జెన్సీ కమిషన్ స్థానంలోనే షార్ట్ సర్వీస్ కమిషన్ వచ్చింది. మద్రాసు స్కూలు పేరు 1988 జనవరి 1న ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీగా మారింది.

పదో ఏట ఏం జరుగుతుంది?

ఇక అసలు విషయానికి వద్దాం. షార్ట్ సర్వీసు ఆఫీసరుకు పదేళ్లు నిండబోయే ముందు మూడు దారులు కనిపిస్తాయి. పర్మనెంట్ కమిషన్ కోరవచ్చు. పర్మనెంట్ వద్దు, నాలుగేళ్ల పొడిగింపు చాలు అనవచ్చు. రెండూ వద్దని నమస్కారం పెట్టి రావచ్చు.

కోరినంత మాత్రాన పర్మనెంట్ కాదు. సైన్యం ప్రధాన కార్యాలయంలో 5వ నంబరు సెలక్షన్ బోర్డు ఉంటుంది. ఆఫీసరు రికార్డు మొత్తం ఆ బోర్డు ముందుకు వెళుతుంది. అందులో ముఖ్యమైనది ఏటేటా పై అధికారి రాసే రహస్య నివేదిక. ఆ తర్వాత సైనిక కోర్సుల్లో వచ్చిన గ్రేడులు, పొందిన పతకాలు, ప్రశంసలు. క్రమశిక్షణ కేసులుంటే మార్కులు తగ్గుతాయి. ఖాళీలు పరిమితం కాబట్టి తోటివారితో పోల్చి చూస్తారు.

వీటన్నిటితోపాటు ఆరోగ్యం. సైన్యంలో 'షేప్' అనే వైద్య కొలమానం ఉంది. మానసిక స్థితి, వినికిడి, కాళ్లు చేతులు, శరీర దారుఢ్యం, కంటిచూపు అనే అయిదింటిని పరీక్షిస్తారు. అన్నీ సవ్యంగా ఉంటే షేప్-1. గాయాలు, జబ్బుల వల్ల ఈ స్థాయి తగ్గితే పర్మనెంట్ దారి ఇరుకవుతుంది.

కాబట్టి ఈ పరీక్ష పదో ఏట మొదలయ్యేది కాదు. చేరిన మొదటి ఏడాది నుంచే, ప్రతి నివేదికతోనూ, ప్రతి కోర్సుతోనూ జరుగుతూనే ఉంటుంది. పదో ఏట ఫలితం మాత్రమే వస్తుంది. "ముందు చేరదాం, తర్వాత చూద్దాం" అనుకునేవారు గుర్తుంచుకోవలసిన మాట ఇది.

వయసు లెక్క వేసుకోండి

ఒక రైతుబిడ్డ 21వ ఏట డిగ్రీ పూర్తిచేసి, పరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కి 22వ ఏట చెన్నై అకాడమీలో అడుగుపెట్టాడనుకుందాం. శిక్షణ 49 వారాలు. 23వ ఏట లెఫ్టినెంటు అవుతాడు. రెండేళ్ల సర్వీసుకు కెప్టెన్, ఆరేళ్లకు మేజరు. పదేళ్లు నిండేసరికి వయసు 33. పొడిగింపు తీసుకుంటే 13వ ఏట లెఫ్టినెంట్ కర్నల్. 14 ఏళ్లు ముగిసేసరికి వయసు 37.

జీతం విషయంలో లోటు లేదు. 7వ వేతన సంఘం ప్రకారం లెఫ్టినెంటు మూలవేతనం నెలకు 56,100 రూపాయలతో మొదలవుతుంది. దానిపై సైనిక సేవా భత్యం 15,500 రూపాయలు, కరువు భత్యం వగైరా ఉంటాయి. శిక్షణ కాలంలో సైతం 56,100 రూపాయల స్టయిపెండు ఇస్తారు. షార్ట్ సర్వీసువారికీ, పర్మనెంటువారికీ ఇందులో తేడా లేదు.

చిక్కంతా పింఛనులోనే ఉంది. ఆఫీసర్లకు సాధారణ పింఛను రావాలంటే 20 ఏళ్ల సర్వీసు ఉండాలి. 14 ఏళ్లకు బయటకు వచ్చినవారికి గ్రాట్యుటీ వస్తుంది, దాచుకున్న భవిష్య నిధి వస్తుంది, నెలనెలా పింఛను మాత్రం రాదు. పై రైతుబిడ్డకు పర్మనెంట్ అయితే 43వ ఏటికి పింఛను హక్కు వస్తుంది. కాకపోతే 37వ ఏట, పిల్లలు బడికి వెళుతున్న వేళ, కొత్త కొలువు వెతుక్కోవాలి. ఊళ్లో తోటివాడు బడిపంతులు ఉద్యోగంలోనో, బ్యాంకులోనో అప్పటికి 14 ఏళ్ల సీనియారిటీతో ఉంటాడు.

అయితే బయటకు వచ్చినవారు వీధిన పడతారని భయపడనక్కరలేదు. గడువు పూర్తిచేసినవారికి మాజీ సైనికుల హోదా ఉంటుంది. కనీసం అయిదేళ్లు సేవచేసిన షార్ట్ సర్వీసు ఆఫీసర్లకు సివిల్ సర్వీసుల పరీక్షలో వయోపరిమితి అయిదేళ్లు సడలిస్తారు. రక్షణ శాఖ పునరావాస డైరెక్టరేట్ ద్వారా ఐ.ఐ.ఎం. వంటి పేరున్న సంస్థల్లో ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సులు చదువుకోవచ్చు. పదేళ్లపాటు వందమంది జవాన్లను నడిపించినవారిని కంపెనీలు ఆదరిస్తాయి. కొందరు పర్మనెంట్ వచ్చే అవకాశమున్నా కావాలనే బయటకు వస్తారు.

మహిళల పోరాటం

పర్మనెంట్ కమిషన్ విలువ ఏమిటో దేశానికి చాటినవారు మహిళా ఆఫీసర్లు. సైన్యంలో వైద్యులు, నర్సులుగా మహిళలు పూర్వం నుంచి ఉన్నారు. తిరుపతిలో జన్మించిన పద్మా బందోపాధ్యాయ వైమానిక దళ వైద్యురాలిగా చేరి, ఎయిర్ మార్షల్ హోదా పొందిన తొలి మహిళ అయ్యారు. కాని సైన్యంలోని ఇతర శాఖలు మహిళలకు తలుపు తెరిచింది 1992లోనే. మొదట అయిదేళ్ల గడువు. దానిని పెంచుకుంటూ 14 ఏళ్లు చేశారు. పురుషులకున్న పర్మనెంట్ అవకాశం మాత్రం ఇవ్వలేదు. 2008లో న్యాయ, విద్యా విభాగాలకే ఆ వెసులుబాటు వచ్చింది.

న్యాయం కోసం మహిళా ఆఫీసర్లు కోర్టుకెక్కారు. 2010 మార్చి 12న ఢిల్లీ హైకోర్టు వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కేసు పదేళ్లు నడిచింది. పల్లెల నుంచి వచ్చిన జవాన్లు మహిళా ఆఫీసర్ల ఆజ్ఞలను మానసికంగా అంగీకరించలేరన్న వాదన కూడా ప్రభుత్వం తరఫున వినిపించారు. పల్లెవాసులు గమనించవలసిన విషయమిది. ఆడకూతురు నాయకత్వాన్ని మన ఊళ్ల కుర్రాళ్లు సహించరని దేశ అత్యున్నత న్యాయస్థానంలో చెప్పారన్నమాట. ఇటువంటి మూస అభిప్రాయాలతో హక్కులు కాదనడం చెల్లదని 2020 ఫిబ్రవరి 17న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ అజయ్ రస్తోగీల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. బబితా పునియా కేసుగా ఇది ప్రసిద్ధికెక్కింది. అదే ఏడాది మార్చి 17న నౌకాదళ మహిళలకూ అటువంటి తీర్పే వచ్చింది.

అంతటితో కథ ముగియలేదు. పర్మనెంట్ కోసం పరీక్షించినప్పుడు చాలామంది మహిళలను తిరస్కరించారు. వారు మళ్లీ కోర్టుకు వెళ్లారు. 2021 మార్చి 25న వెలువడిన నితీశా కేసు తీర్పు ఆ పరీక్షలోని లోపాన్ని విడమరచి చెప్పింది. పర్మనెంట్ అవకాశమే లేని రోజుల్లో మహిళలకు రహస్య నివేదికలు మొక్కుబడిగా రాశారు. ఇప్పుడు అవే నివేదికలు తూకం వేయడం అన్యాయమన్నది. మగ ఆఫీసర్లకు పడుచు వయసులో చేసిన దేహ పరీక్షను, మహిళలకు 40 ఏళ్లు దాటాక అదే కొలతతో చేయడం సరికాదన్నది. నిబంధన పైకి అందరికీ ఒకటిగా కనిపించినా, ఫలితం కొందరికే చేటు చేస్తే అది వివక్షేనని తేల్చిచెప్పింది.

ఆ తర్వాత ఎన్.డి.ఏ. తలుపులూ తెరుచుకున్నాయి. 2022లో చేరిన మొదటి జట్టులో 17 మంది యువతులు 2025 మే 30న పురుష క్యాడెట్లతో కలిసి కవాతు చేసి బయటకు వచ్చారు.

జవాన్లకూ ఇదే లెక్క

ఆఫీసర్ల సంగతి మనకెందుకని కొందరు అనుకోవచ్చు. గడువు కొలువు ఇప్పుడు జవాన్లకూ వచ్చింది. 2022 జూన్ 14న కేంద్రం ప్రకటించిన అగ్నిపథ్ పథకం ప్రకారం అగ్నివీరులు నాలుగేళ్లే పనిచేస్తారు. వారిలో 25 శాతం వరకు మాత్రమే రెగ్యులర్‌గా తీసుకుంటారు. మిగిలినవారికి సేవానిధి కింద సుమారు 11 లక్షల 71 వేల రూపాయలు ఇచ్చి పంపుతారు. పింఛను లేదు.

ఈ పథకంపై 2022 జూన్ 17న సికింద్రాబాదు రైల్వే స్టేషనులో జరిగిన ఆందోళన రాష్ట్రం మరచిపోలేదు. రైళ్లకు నిప్పు పెట్టారు. పోలీసు కాల్పుల్లో పల్లె నుంచి వచ్చిన ఒక యువకుడు చనిపోయాడు. సైన్యంలో చేరాలని ఏళ్ల తరబడి తెల్లవారుజామున పరుగులు తీసినవారి ఆవేదన అది. ఆస్తి తగలబెట్టడాన్ని ఎవరూ సమర్థించరు. పర్మనెంట్ కొలువు అన్న మాటకు పేదింటిలో ఎంత బరువుందో మాత్రం ఆరోజు అందరికీ తెలిసింది.

పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరాన్ని జనం 'మిలిటరీ మాధవరం' అని పిలుచుకుంటారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి తరతరాలుగా ఆ ఊరి మగపిల్లలు పటాలంలో చేరుతూ వచ్చారు. అటువంటి ఊళ్లలో తాతకు, తండ్రికి పింఛను ఇంటిని నిలబెట్టింది. కొత్త తరానికి ఆ భరోసా కావాలంటే ముందుగా నలుగురిలో ఒకడు కావాలి.

జవానుగా చేరినవారు రెగ్యులర్ అయ్యాక ఆఫీసరయ్యే దారి ఒకటుంది. ఇంటర్ చదివి, కనీసం రెండేళ్ల సర్వీసు ఉండి, 20 నుంచి 27 ఏళ్ల మధ్య వయసున్న జవాన్లు డెహ్రాడూన్‌లోని ఆర్మీ క్యాడెట్ కాలేజీకి పోటీపడవచ్చు. అక్కడ నెగ్గినవారికి పర్మనెంట్ కమిషనే వస్తుంది.

గౌరవ కర్నళ్లు వేరు

సినిమా నటులకు, క్రీడాకారులకు కర్నల్ హోదా ఇచ్చారని పత్రికల్లో చదివి కొందరు పొరబడుతుంటారు. మలయాళ నటుడు మోహన్‌లాల్‌కు 2009లో, క్రికెటర్ ధోనీకి 2011లో టెరిటోరియల్ ఆర్మీలో లెఫ్టినెంట్ కర్నల్ హోదా ఇచ్చారు. ఇవి గౌరవ హోదాలు. 1949 అక్టోబరు 9న ప్రారంభమైన టెరిటోరియల్ ఆర్మీ వేరు వేరు వృత్తుల్లో ఉన్న పౌరులు ఏటా కొంతకాలం సైనిక శిక్షణ పొంది, అవసరానికి ఆదుకునే దళం. సొంత సంపాదన ఉన్నవారే అందులో ఆఫీసర్లుగా చేరాలి. అది పూర్తికాలపు ఉద్యోగం కాదు. అక్కడి నుంచి రెగ్యులర్ సైన్యంలోకి నేరుగా మారవచ్చని ఎవరైనా చెబితే నమ్మరాదు.

పల్లె విద్యార్థులు చేయవలసింది

మొదటినుంచీ పర్మనెంట్ కావాలనుకునేవారు ఇంటర్‌లోనే మేలుకోవాలి. ఎన్.డి.ఏ. పరీక్షకు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య వయసుండాలి. విజయనగరం జిల్లా కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లు దీనికి మంచి పునాది వేస్తాయి. గల్వాన్ లోయలో 2020 జూన్ 15న అమరుడైన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు కోరుకొండలో చదివి ఎన్.డి.ఏ.కు వెళ్లినవారే.

డిగ్రీ తర్వాత కూడా పర్మనెంట్ దారి ఉంది. యు.పి.ఎస్.సి. ఏటా రెండుసార్లు సి.డి.ఎస్. పరీక్ష జరుపుతుంది. ఇందులో డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీకి ఎంపికైతే పర్మనెంట్, చెన్నై అకాడమీకి ఎంపికైతే షార్ట్ సర్వీసు. చెన్నైకి గణితం పేపరు లేదు, ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జి చాలు. అందువల్ల లెక్కల భయం ఉన్నవారు అటు మొగ్గుతారు. ఎన్.సి.సి. 'సి' సర్టిఫికెట్ ఉన్న పట్టభద్రులకు రాతపరీక్ష లేకుండానే షార్ట్ సర్వీసు ఇంటర్వ్యూకు పిలుపు వస్తుంది. ఇంజనీరింగ్, లా చదివినవారికి విడిగా ప్రవేశాలున్నాయి.

ఏ దారిన వెళ్లినా అయిదు రోజుల సెలక్షన్ బోర్డు పరీక్ష తప్పదు. మానసిక పరీక్షలు, బృంద చర్చలు, ఆటంకాల పరుగు, ఇంటర్వ్యూ ఉంటాయి. మొదటిసారి వెళ్లేవారికి రైలు ఛార్జీలు ఇస్తారు. ఇక్కడ సిఫార్సులు చెల్లవు. డబ్బిస్తే ఆఫీసరును చేస్తామని తిరిగే దళారులను నమ్మి పొలం తాకట్టు పెట్టినవారు నష్టపోవడమే తప్ప బాగుపడింది లేదు. అనుమానాలుంటే జిల్లా కేంద్రంలోని సైనిక సంక్షేమ కార్యాలయంలో ఉచితంగా అడిగి తెలుసుకోవచ్చు.

షార్ట్ సర్వీసును చిన్నచూపు చూడనక్కరలేదు. ఒక జనరల్ కృష్ణారావు, ఒక పరమేశ్వరన్, ఒక పద్మపాణి ఆచార్య ఈ గడువు కొలువుల నుంచే వచ్చారు. కాని చేరేరోజే పదో ఏటి పరీక్షను లెక్కలో పెట్టుకోవాలి. మొదటి ఏడాది నుంచి రికార్డు, ఆరోగ్యం కాపాడుకోవాలి. ఒకవేళ బయటకు రావలసి వస్తే పనికివచ్చే చదువును, కొంత పొదుపును పక్కన పెట్టుకోవాలి. ఆడపిల్లలకైనా, మగపిల్లలకైనా తల్లిదండ్రులు చెప్పవలసిన మాట ఇదే.